పొంగితే మూసెయ్యాలి

ఫిబ్రవరి 2, సోమవారం

కొత్త బ్యాచ్. ఆరుగురు. ఐదుగురు టైముకి వచ్చారు. ఆరో మనిషి గంట ముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. పేరు బుడే. నలభై నాలుగేళ్ళు. ఆ చేతులు కీబోర్డు ఎప్పుడూ ముట్టలేదని చూస్తేనే తెలుస్తుంది. పద్దెనిమిదేళ్ళు ప్రకాశం జిల్లాలో బోరు బండి నడిపాడట. నాలుగేళ్ళుగా సముద్రంలో రిగ్గు మీద పైపులు బిగించే ఫ్లోర్‌మన్. ఇప్పుడు అసిస్టెంట్ డ్రిల్లర్‌ని చేస్తామన్నారట, మా వెల్ కంట్రోల్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే.

ఏడేళ్ళుగా చెబుతున్న పాఠమే మళ్ళీ చెప్పాను. పైన పన్నెండు వందల మీటర్ల సముద్రం, దాని కింద మూడు వేల మీటర్ల బావి. బావి నిండా మనం పోసిన మడ్, అంటే బరువైన బురదనీళ్ళు. దాని బరువే కింద గ్యాస్‌ని అణిచిపెడుతుంది. బరువు చాలకపోతే గ్యాస్ మడ్‌ని తోసుకుంటూ లోపలికి వస్తుంది. అదే కిక్. వచ్చిందని తెలియగానే సముద్రం అడుగున బావి తల మీద ఉన్న పెద్ద మూత, అదే బీఓపీ, మూసెయ్యాలి. ఎవర్నీ అడగక్కర్లేదు. ముందు మూత, తర్వాత ఫోన్. గ్యాస్ ఆ మూత దాటి పైకి వచ్చేసిందంటే ఇక మన కాళ్ళ కిందే ఉన్నట్టు.

అందరూ తలలూపారు. తలూపడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు.

ఫిబ్రవరి 3, మంగళవారం

సిమ్యులేటర్ మొదలు. పెద్ద కుర్చీ, రెండు జాయ్‌స్టిక్‌లు, ఎదురుగా మూడు తెరలు. మా సెంటర్‌లో విలువైన వస్తువు అదొక్కటే. మిగతావన్నీ మా డైరెక్టర్ మార్క్ గారి ప్లాన్లు.

ముందు ఖాజావలిని కూర్చోబెట్టాను. పాతికేళ్ళ ఇంజనీరు, కాలిక్యులేటర్ లేకుండా బ్రతకలేడు. కిక్ ఇచ్చాను. ఏడు బ్యారెల్స్ గ్యాస్ దూరేలోపు మూసేశాడు. పది లోపు పాస్.

తర్వాత బుడే. ఏం డ్రిల్ చేశాడసలు. చెయ్యి వెన్నలా నడుస్తోంది. తల కొంచెం పక్కకి వంచి బావి చప్పుడు వింటున్నాడు, అవి స్పీకర్లని తెలిసి కూడా. ముచ్చటేసింది. కిక్ ఇచ్చాను.

తెర మీద ఫ్లో లేచింది, అంటే బావి పొంగుతోంది. ఆయన రెండు జాయ్‌స్టిక్‌లూ వదిలేశాడు. లేచి నిలబడ్డాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. నవ్వాడు. పండగ నవ్వు. వెనక్కి తిరిగి ఎవరికోసమో చూశాడు. అక్కడ నేనూ, ఖాజావలీ, వాటర్ క్యానూ తప్ప ఎవరూ లేరు.

అరవై రెండు బ్యారెల్స్. తెర మీద రిగ్గు తగలబడింది. సైరన్ మోగింది. కింద చీరల షాపు షాజాదీ గారు ఫోన్ చేసి, పెళ్ళివాళ్ళకి పట్టుచీరలు చూపిస్తుంటే నెత్తి మీద ఆ ఏడుపేమిటని అడిగింది. పెళ్ళివాళ్ళు లేచి వెళ్ళిపోయారట.

ఫిబ్రవరి 4, బుధవారం

మూడుసార్లు చేయించాను. 58, 71, 66. నిన్న నవ్వినందుకు సిగ్గుపడి ఇవాళ నవ్వు ఆపుకున్నాడు. లేవడం మాత్రం ఆపుకోలేకపోయాడు.

కేకలేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది కొత్త సంగతి కాదు. తర్వాత నాకే సిగ్గేసి టీ తెప్పించి అడిగాను, అసలు ఎందుకు లేస్తున్నారని.

చెప్పాడు. బోరులో నీళ్ళు పడగానే డ్రైవరు లీవర్లు వదిలి పక్కకి తప్పుకోవాలట. అది మర్యాదట. రైతు కళ్ళారా చూడాలి. రైతు భార్య చూడాలి. ఇంట్లో మంచం మీదున్న ముసలమ్మని మోసుకొచ్చి అయినా చూపించాలి. అప్పుడు కొబ్బరికాయ కొట్టేవాళ్ళు కొడతారు, ప్రార్థన చేసేవాళ్ళు చేస్తారు, ఫాతెహా చదివించేవాళ్ళు చదివిస్తారు, తువ్వాలు మాత్రం అందరూ కప్పుతారు. అలాంటప్పుడు డ్రైవరు అడ్డంగా కూర్చుంటే ఏం బాగుంటుందని నన్నే అడిగాడు.

మొత్తం ఎన్ని బోర్లు వేశారని అడిగితే లెక్క తెలియదన్నాడు. ఎన్నింట్లో నీళ్ళు పడ్డాయంటే ఊరి పేరు, రైతు పేరు, అడుగులతో సహా చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో ఆపాడు. పదింట్లో ఆరో ఏడో ఫెయిలేనట. అందుకే సముద్రానికి పోయాడట.

“ఫెయిలైన బోరు దగ్గర రైతు మొహం చూడలేకపోతున్నానండీ. ఆ రోజు అన్నం దిగదు.”

సర్టిఫికెట్ రాకపోతే కాంట్రాక్టరు ఇక పెట్టుకోడట. ఆ వయసులో ఫ్లోర్‌మన్‌గా ఎవరూ ఉంచరు. మళ్ళీ బోరు బండే. మళ్ళీ ఆ మొహాలే. అందుకని ఈ పరీక్ష పాసవ్వాలి. చాన్సులు రెండే, మొదటిది శుక్రవారం.

ఫిబ్రవరి 5, గురువారం

భయపెట్టి చూశాను. కిక్ కాదు, తాచుపాము అనుకోమన్నాను. 49. పాము కొంచెం పనిచేసింది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

చెన్నై నుంచి అసెసర్ వచ్చాడు. బట్టతల, వేణ్ణీళ్ళు తప్ప ఏమీ తాగడు, నవ్వడు. ఐదుగురు పాస్. బుడే రాతపరీక్ష బాగానే రాశాడు. సిమ్యులేటర్‌లో లేచి నిలబడి అసెసర్‌కి కూడా చోటిచ్చాడు, చూడమని. 55 బ్యారెల్స్. ఫెయిల్.

నేనూ ఫెయిలే. ఏడేళ్ళలో ఇదే మొదలు.

మార్క్ గారు నన్ను పిలిచి తలుపేశారు. సిమ్యులేటర్ అంటే ఎంతైనా కంప్యూటరే కదా అన్నారు. వచ్చే శుక్రవారం కిక్ కాస్త మెల్లగా వచ్చేలా సెట్టింగ్ మార్చవచ్చేమో ఆలోచించమన్నారు. ఆ రిగ్గు మీద నూట నలభై మంది ఉంటారు, వాళ్ళందరికీ మీరే ఫోన్ చేసి ఈ సెట్టింగ్ సంగతి చెప్పండి అన్నాను. తలుపు తీశారు.

మళ్ళీ పరీక్షకి రెండో మనిషి కావాలి, చోక్ దగ్గర కూర్చోడానికి. చోక్ అంటే మూసిన బావిలోంచి గ్యాస్‌ని కొంచెం కొంచెంగా వదిలే వాల్వు. ఖాజావలి తన సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని, నేనుంటాను బాబాయ్ అని బుడేతో అన్నాడు. పిల్లాడు మంచివాడు. కాలిక్యులేటర్ మీద పెట్టుకున్న కోపం వాపస్ తీసుకున్నాను.

వెళ్ళేముందు బుడేని అడిగాను, ఒక బోరు వేయడం నాకు చూపిస్తారా అని. ఆయన మొహం మొదటిసారి వెలిగింది.

ఫిబ్రవరి 7, శనివారం

సాయంత్రం ఇంట్లో కూడిక. అమ్మ నన్ను అడక్కుండా ప్రార్థన మనవి పెట్టింది, మా ఫెబా ఆఫీసులో బావి గురించి చాలా బాధపడుతోందని. పాస్టరు గారు కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థించారు. ప్రభువా, ఈ బిడ్డ బావులు ఉబకాలి, పొంగాలి, పొర్లాలి, నాలుగు దిక్కులా పారాలి అన్నారు. పెదకాకానిలో మా వీధి వీధంతా ఆమెన్ అంది. అలవాటు కొద్దీ నేనూ అన్నాను.

ఈ రెండు జిల్లాల్లో బావి పొంగకూడదని ప్రార్థన చేసినవాడు ఇంకా పుట్టలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి ఎగ్గొట్టాను. అమ్మకి ఆఫీసు పని అని చెప్పాను. అబద్ధమేమీ కాదు.

ఖాజావలి కారులో దర్శి అవతలికి వెళ్ళాం. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఖాజావలి అద్దం దించాడు. అక్కణ్ణించి తుమ్ముకుంటూనే వెళ్ళాం. పొలం జక్రయ్య గారిది, మూడెకరాల మిర్చి. చెట్టు మీద కాయ ఉంది. ఇంకో రెండు తడులు పెట్టకపోతే అంతా తాలే. పాత బోరు డిసెంబర్‌లోనే ఎండిపోయింది. వచ్చింది బుడే పనిచేసిన బండే. చుట్టంలా చూడ్డానికి వచ్చిన మనిషి పది నిమిషాల్లో లీవర్ల దగ్గర తేలాడు.

మొదటి పాయింటు. దుమ్ము. దుమ్ము. ఇంకా దుమ్ము. నాలుగు వందల ఎనభై అడుగులకి కూడా తడి లేదు. జక్రయ్య గారు ఇక ఆపేయమన్నారు. గట్టు మీద గొంతుక్కూర్చుని పుల్లతో మట్టి గీస్తూ ఉండిపోయారు. ఆయన భార్య పెదాలు కదులుతూనే ఉన్నాయి, ప్రార్థన ఆపలేదు. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

బుడే అటు చూడలేదు. కన్నం వైపే చూస్తున్నాడు. ఆఖరి రాడ్డు పైకి వస్తోంది. రాడ్డు కొస కన్నం దాటిందో లేదో, ఆయన ఎడమ కాలు దబ్బున కన్నం మీద పడింది. కాలు తియ్యకుండానే చెయ్యి చాపాడు. ఎవరో మూత అందించారు. కాలు జరిపి మూత పెట్టి, రాయి తీసుకుని నాలుగు దెబ్బలు బిగించి, మట్టి తోసేశాడు. అప్పుడు బండి వెనక్కి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

అలవాటు కొద్దీ వాచీ చూశాను. పదకొండు సెకన్లు.

అంత తొందరెందుకని అడిగితే నన్ను వింతగా చూశాడు. పొలంలో పిల్లలు తిరుగుతుంటారు కదా అన్నాడు. చిన్నప్పుడు కన్నం తెరిచి ఉండగా పక్కకెళ్ళి మంచినీళ్ళు తాగినందుకు వాళ్ళ ఉస్తాదు చెంప పగలగొట్టాడట. అప్పట్నించీ మూత పెట్టందే ఊపిరి కూడా తీసుకోడట.

రెండో పాయింటు. మూడు వందల పది అడుగుల దగ్గర దుమ్ము రంగు మారింది. మూడు వందల ముప్ఫైకి బురద. మూడు వందల నలభైకి నీళ్ళు.

ఆ తర్వాత నేనేం చేశానో నిజాయితీగా రాసుకోవాలి. డీప్‌వాటర్ వెల్ కంట్రోల్ ఇన్‌స్ట్రక్టర్‌ని, సముద్రం మీద ఆరేళ్ళు చేసి వచ్చినదాన్ని, చెప్పులు వదిలేసి ఆ నీళ్ళలోకి పరిగెత్తాను. అరిచాను. జక్రయ్య గారి భార్యని కౌగిలించుకున్నాను, ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. ఇద్దరం బురదలో గెంతాం. ఖాజావలి వీడియో తీశాడు. ఏడు నిమిషాల నలభై సెకన్లుంది. బావి మూయాలన్న ఆలోచన అందులో ఒక్కరి మొహంలోనూ లేదు. నా మొహంలో అసలే లేదు. సముద్రం మీదైతే మేమందరం నాలుగుసార్లు తగలబడి ఉండేవాళ్ళం.

ఆ వీడియోలో ఒక మూల బుడే కనిపిస్తాడు. లీవర్లు వదిలేసి, రెండడుగులు వెనక్కి వేసి, వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఈసారి వెనక జక్రయ్య గారు ఉన్నారు. ఆ ఒక్క ముక్క ఇంటికొచ్చాక పదిసార్లు చూశాను. ఆయన్ని ఇకనుంచి డైరీలో కూడా గారు అనే రాస్తాను.

అమ్మ నా చీర చూసి, చర్చి మానేసి బురదలో దొర్లావా అంది. బోరు పడిందమ్మా అన్నాను. అయితే సరేలే అంది.

ఫిబ్రవరి 9, సోమవారం

బస్సులో మంగళగిరి సెంటర్‌కి వస్తుంటే తట్టింది. ఆ చేతులకి మూయడం రాదని ఎవరన్నారు? పదకొండు సెకన్లు. ఎవరూ చెప్పకుండా, ఎవర్నీ అడక్కుండా. నేనే ఆ మనిషిని తప్పు బోరు దగ్గర నిలబెట్టాను.

బుడే గారిని కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాను.

“బుడే గారూ, ఇది నీళ్ళు పడ్డ బోరు కాదు. ఫెయిలైన బోరు. ఆఖరి రాడ్డు పైకి వచ్చేసింది. కన్నం తెరిచి ఉంది. పక్కన పిల్లలున్నారు.”

ఎంతమంది పిల్లలని అడిగారు. నూట నలభై అన్నాను.

కిక్ ఇచ్చాను. దబ్. ముందు ఎడమ కాలు నేలకేసి కొట్టారు. ఆ వెంటనే చేతులు కదిలాయి. పైపు పైకి లాగడం, పంపు ఆపడం, మూత మూయడం. ఆరు బ్యారెల్స్. ఖాజావలి తెర దగ్గరికెళ్ళి అంకె మీద వేలు పెట్టి చూసుకున్నాడు. నేను ఎగరకుండా కుర్చీ పట్టుకున్నాను.

ఆ తర్వాత ఐదుసార్లు ఇచ్చాను. ఐదుసార్లూ కాలు. ఐదుసార్లూ పది లోపే.

ఫిబ్రవరి 10, మంగళవారం

షాజాదీ గారు పైకొచ్చింది. సైరన్ పోయిందని సంతోషించేలోపు ఈ దబదబలేమిటంది. సున్నం రాలి చీరల మీద పడుతోందట. ఇంకో మూడు రోజులు ఓర్చుకోమని బతిమాలాను. ఒక చీర కొన్నాక ఓర్చుకుంది.

ఫిబ్రవరి 11, బుధవారం

కొత్త తంటా. మూస్తున్నారు, తెరవనివ్వడం లేదు.

బావి మూశాక పని అయిపోదు. లోపల చిక్కిన గ్యాస్‌ని చోక్ గుండా నెమ్మదిగా వదులుతూ, బరువైన మడ్ పంపాలి. పంపు బుడే గారిది, చోక్ ఖాజావలిది. ఖాజావలి చోక్ మీద చెయ్యి వేశాడో లేదో బుడే గారు మణికట్టు పట్టేసుకున్నారు. వదల్లేదు. మూసిన బోరు తెరిచేవాడు మనిషేనా అని అడిగారు. ఖాజావలి ఫార్ములాలు చెప్పాడు. పట్టు ఇంకా బిగిసింది.

సరిగ్గా చేస్తే తప్పు, చెయ్యకపోతే తప్పు. నెత్తి కొట్టుకున్నాను. చివరికి కుక్కర్ గుర్తొచ్చింది. మూత తియ్యడం లేదండీ, విజిల్ రానిస్తున్నాం అంతే అన్నాను. ఆయన మూతకి ఏమీ కాదు కదా అని మూడుసార్లు అడిగి మణికట్టు వదిలారు. పంపు నడిపినంతసేపూ ఖాజావలి వేళ్ళ మీద కన్ను తియ్యలేదు. నిజానికి పంపు మనిషి చెయ్యాల్సింది అదే. నేనెప్పుడూ ఎవరికీ అంత బాగా నేర్పలేదు.

ఫిబ్రవరి 12, గురువారం

మార్క్ గారు రేపటికి బిర్యానీ చెప్పారు. ఫెయిలైతే ఏం చేస్తారని అడిగాను. ఎలాగూ తినాలి కదా అన్నారు.

ఫిబ్రవరి 13, శుక్రవారం, ఉదయం 6

నిద్ర లేదు. పాస్టరు గారికి ఫోన్ చేసి ప్రార్థన చేయించనా అంది అమ్మ. కాళ్ళు పట్టుకున్నంత పని చేసి ఆపాను.

అదే రోజు, సాయంత్రం

అసెసర్ మళ్ళీ ఆ వేణ్ణీళ్ళ ఫ్లాస్కుతోనే వచ్చాడు. ఈసారి ఇంకో మెలిక పెట్టాడు. తనే రిగ్గు మీద పెద్ద సారునన్నాడు. పక్క గదిలో కూర్చుని, డ్రిల్లింగ్ మధ్యలో కుర్చీ దగ్గరున్న ఫోన్‌కి ఫోన్ చేశాడు. మడ్ ఎంత మిగిలింది, పైపులు ఎన్ని, రాత్రి షిఫ్టు వాళ్ళు ఏం రాశారు. బుడే గారు ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వచ్చిన ఇంగ్లీషులో ఒక్కో మాటా కూడబలుక్కుని చెబుతున్నారు. సరిగ్గా అప్పుడు ఫ్లో లేచింది.

లేచిందని చెప్పారు. సారు ఆగమన్నాడు. నేను వచ్చి చూస్తాను, అందాకా డ్రిల్ చెయ్యి అన్నాడు. స్పీకర్‌లో మా అందరికీ వినిపించింది.

బుడే గారి చేతులు జాయ్‌స్టిక్‌ల మీద నుంచి లేచాయి. పెదవి చివర ఆ నవ్వు మొదలవడం కూడా చూశాను. అయిపోయింది అనుకున్నాను. చెప్పడానికి వీల్లేదు, దగ్గినా తప్పే.

దబ్.

ఫోన్ కిందపడింది. చేతులు కదిలాయి. పైపు, పంపు, మూత. నాలుగు బ్యారెల్స్. కింద షాపులో బొమ్మ ఏదో పడిన చప్పుడైంది.

అసెసర్ వచ్చి, ఆగమన్నాను కదా ఎందుకు మూశావని ఇంగ్లీషులో అడిగాడు. ఖాజావలి తెలుగులో చెప్పాడు. బుడే గారు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా చెప్పారు.

“మీరొచ్చి చూసేదాకా ఆగితే పిల్లలు పడిపోతారండీ.”

ఖాజావలి దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఏ పిల్లలు అన్నాడు అసెసర్.

చోక్ పని కూడా సాఫీగా జరిగింది. ఖాజావలి మణికట్టుకి గండం రాలేదు. పాస్. రిమార్కులు రాసే చోట అసెసర్ ఒక్కటే వాక్యం రాశాడు. మూసే ముందు అభ్యర్థి నేలను తంతాడు, ఇది ప్రొసీజర్‌లో లేదు. మార్క్ గారు అది చదివి, అయితే ప్రొసీజర్‌లో చేరుద్దామా అని సీరియస్‌గా అడిగారు.

బుడే గారు సర్టిఫికెట్ రెండు చేతులతో పట్టుకుని, ఇక బోరు బండి ఎక్కక్కర్లేదు కదండీ అన్నారు. అక్కర్లేదన్నాను. బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను, హాయిగా. బిర్యానీ చల్లారిపోయింది, అయినా రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఏప్రిల్ 22, బుధవారం

బుడే గారు రిగ్గు నుంచి ఫోన్ చేశారు. నాలుగు వేల మీటర్లు తవ్వి, అందులో ఏమీ లేదని తేల్చేశారట. సిమెంటు పోసి మూశారట. ఎవరూ ఏమీ అనలేదట. పెద్ద సారు కాగితం మీద సంతకం పెట్టి, మెస్‌కి వెళ్ళి ఐస్‌క్రీమ్ తిన్నాడట. ఈ బోరు ఎవరిదో ఒకసారి కనుక్కుందామని బుడే గారు రిగ్గంతా తిరిగారట. నాది అన్నవాడు ఒక్కడూ దొరకలేదట. ఆఖరికి తనే ఒక మూల గొంతుక్కూర్చున్నారట.

“అంత లోతు తవ్వాక, ఎవరో ఒకరు బాధపడాలి కదండీ మేడమ్.”

అన్నం తిన్నారా అని అడిగాను.

ఇంకా లేదన్నారు.